కనబడలేదు మాస్టారు

మాస్టారు తన జీవితంలో ఎవరికీ లేదనలేదు. అడిగినవాళ్లకల్లా ఇచ్చేశారని కాదు. ఇవ్వడానికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ మాట వాడరు, అంతే.

పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి పంచదార ఉందా అని అడిగితే, ఆయన డబ్బా మూత తీసి, కిటికీ వెలుతురుకు వంచి, అడుగంతా చూపుడువేలితో తడిమి, ఆ వేలిని కళ్లజోడు పైకెత్తి పరీక్షించి, "నాకు కనబడలేదమ్మా" అనేవారు. డబ్బా ఖాళీ అన్న సంగతి ఆవిడకు గుమ్మంలోంచే కనబడుతూ ఉండేది. ఎవరో రాంగ్ నంబరు మనిషి ఫోన్ చేసి ఫలానా ఆయన లేరా అని అడిగితే, ఒక్క నిమిషం ఉండమని చెప్పి, రెండు గదులూ తిరిగి, మంచం కిందికి వంగి చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి, "ఇంతవరకు కనబడలేదండీ" అనేవారు. అవతలి మనిషి ఎప్పుడో పెట్టేసి ఉండేవాడు.

ఆయన పనిచేసే పరిశోధనశాలలో అందరూ ఆయన్ను కనబడలేదు మాస్టారు అనేవాళ్లు. చాటున కాదు, మొహం మీదే. 'కనబడలేదు'లో మాత్రం 'లేదు' ఉంది కదా అని గుమాస్తా ఒకసారి పట్టుకున్నాడు. "అందులో లోటు నా కంటిది. వస్తువుది కాదు" అన్నారు మాస్టారు. గుమాస్తా మళ్లీ ఆ జోలికి పోలేదు.

సాయంత్రం తలుపుకు తాళం వేసే ముందు, ఆఖరున బయటికి వచ్చినవాళ్లను లోపల ఇంకెవరూ లేరు కదా అని అడగడం వాచ్‌మన్ విధి. ఆఖరున వచ్చేది ఎప్పుడూ మాస్టారే. ఆయన వెనక్కి వెళ్లి, రెండు గదులూ చూసి, యంత్రం వెనక్కి తొంగిచూసి వచ్చి, "నాకైతే కనబడలేదు" అనేవారు. మొదట్లో వాచ్‌మన్ తలకొట్టుకునేవాడు. తర్వాత తర్వాత, ఆ జవాబు వినకపోతే తాళం సరిగా పడినట్టు ఉండదు అనేవాడు.

ఈ జబ్బు ఆయనకు యంత్రం దగ్గర అంటుకుందని సహాయకురాలు చెప్పేది. పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కాబట్టి ఆమె మాటకు విలువ ఉండేది.

వాళ్లిద్దరి పని ఇది. గాజు ముక్క, రాయి, కుండ పెంకు, విరిగిన ఇనుప బోల్టు, ఏ గట్టి వస్తువు వచ్చినా నునుపుగా సానపట్టి, అగ్గిపెట్టెంత గదిలో పెట్టి మూసి, పైనుంచి లేజరు వెలుగుతో పొడుస్తారు. పొడిచినచోట వెంట్రుక మందంలో ఏడో వంతు గుంట పడుతుంది. గుంటలోంచి లేచిన ధూళి సన్నటి గొట్టంలోంచి వెళ్లి ఒక మంటలో పడుతుంది. సూర్యుడి పైభాగం కన్నా వేడి మంట అది. అందులో ఏదైనా పరమాణువులుగా విడిపోవలసిందే. అవతలి యంత్రం వాటిని బరువును బట్టి ఏరి, ఇది రాగి, ఇది సీసం అని లెక్కపెడుతుంది. చేను దున్నినట్టు సాలు పక్కన సాలు పొడుచుకుంటూ పోతే చివరికి తెర మీద రంగుల పటం వస్తుంది. ఎర్రగా ఉన్నచోట ఎక్కువ. నీలంగా ఉన్నచోట తక్కువ. నల్లగా ఉన్నచోటే పేచీ.

చేరిన మొదటి వారం ఆమె ఒక గాజు ముక్కకు పటం తీసి, ఆర్సెనిక్ గడిలో 'లేదు' అని రాసింది. మాస్టారు ఎర్ర కలంతో కొట్టేశారు.

"ఎంతవరకు చూశావు?"

"యంత్రానికి ఆనినంతవరకు."

"దానికింద?"

"దానికింద తెలియదు మాస్టారూ."

"తెలియనప్పుడు లేదని ఎలా రాశావు? నీకేమన్నా కబురందిందా?"

ఆ ఎర్ర కలం పదకొండేళ్లు ఆమెను వదల్లేదు. లేజరు కొట్టే ముందు అర నిమిషం యంత్రాన్ని ఊరికే నడపాలి, ఖాళీ ఎంత పలుకుతుందో తెలుసుకోవడానికి. మాస్టారు రెండు నిమిషాలు నడిపేవారు. కళ్లు మూసుకుని, పక్కగదిలో ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు కూర్చునేవారు. ఏమీ పెట్టకపోయినా లెక్కలో రెండో మూడో పడుతూనే ఉండేవి. అంతకు మించి పలికితే ఉన్నట్టు, పలకకపోతే మనకు వినబడనట్టు, అంతేగాని లేనట్టు కాదు, అని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం వల్ల పరిశోధనశాలకు ఒక పెద్ద కంపెనీ పని పోయింది. కాఫీ కప్పులు చేసే ఆసామి, కప్పుల మెరుగులో సీసం లేదని రాసివ్వమన్నాడు. మాస్టారు పటం తీసి, కోటి పాళ్లలో ఒక పాలు కన్నా ఎక్కువ ఉంటే కనబడేది, కనబడలేదు, అని రాసిచ్చారు. ఇంత వాక్యం పెట్టె మీద పట్టదని ఆసామి గొడవ. రెండు ముక్కలు రాయడానికి మీ సొమ్మేం పోయింది అని డైరెక్టరు గొడవ. రాసేది నేను, తాగేది వేరేవాళ్లు అని మాస్టారు. ఆసామి కప్పులు మూటగట్టుకుని వేరే చోటికి పోయాడు. డైరెక్టరు రెండు నెలలు మాస్టారితో మాట్లాడలేదు. వరండాలో ఎదురుపడితే ఆయన్ను వదిలేసి, మీ మాస్టారికి బుద్ధి ఉందా అని సహాయకురాలిని అడిగేవాడు. జవాబు మాస్టారే చెప్పేవారు. "ఇంతవరకు కనబడలేదండీ."

మాస్టారి భార్య పోయిన రోజున సహాయకురాలు ఆసుపత్రిలోనే ఉంది. డాక్టరు బయటికి వచ్చి, తల దించుకుని, ఆవిడ ఇక లేరండీ అన్నాడు. మాస్టారు అతని మొహంలోకి చూశారు.

"ఎంతసేపు చూశారు?"

నర్సు నోరు తెరిచింది. డాక్టరు మాత్రం లోపలికి వెళ్లి, చెవులకు గొట్టం పెట్టుకుని, ఆవిడ గుండె మీద ఆనించి నిలబడ్డాడు. రెండు నిమిషాలు గడిచాయి. మాస్టారు గుమ్మంలో కళ్లు మూసుకుని నిలబడ్డారు. డాక్టరు తలెత్తి, ఈసారి ఆ మాట అనలేదు.

"నాకు వినబడలేదండీ" అన్నాడు.

మాస్టారు తల ఊపారు. అప్పుడు లోపలికి వెళ్లారు.

ఆ తర్వాత ఎరగనివాళ్లు ఎవరైనా ఇంటికొచ్చి అమ్మగారు లేరా అంటే, "ఉదయం నుంచి కనబడలేదు" అనేవారు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలమ్మే మనిషి ఒకడు, ఆవిడ బజారుకు వెళ్లి ఉంటుందనుకుని, గంటన్నర కూర్చుని, రెండు కాఫీలు తాగి వెళ్లాడు. మరుసటి వారం వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మూడో వారం పక్కింటావిడ అతన్ని గోడ దగ్గరికి పిలిచి సంగతి చెప్పింది. నాలుగో వారం కూడా వచ్చాడు. ఏమీ అడక్కుండా కాఫీ తాగి వెళ్లాడు.

ఆ ఏడే మాస్టారు సెలవు రోజుల్లో కూడా పరిశోధనశాలకు రావడం మొదలుపెట్టారు. ఒక్కరే వచ్చి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేవారు. ఖాళీ ఇంట్లో ఉండలేకపోతున్నారని అందరూ జాలిపడ్డారు. యంత్రం మంటకు వాడే ఆర్గాన్ వాయువు సిలిండర్లు తొందరగా అయిపోతున్నాయని డైరెక్టరు మాత్రం జాలి తగ్గించుకున్నాడు. సహాయకురాలు తోడుగా వస్తానంది. "ఇంటికి పో అమ్మాయ్. నీ ఇంట్లో మనుషులు కనబడుతున్నారుగా" అన్నారాయన.

అప్పుడే ఆయన ముందు పన్ను ఒకటి పోయింది. మాట చివర ఈల వచ్చేది. పన్నేదండీ అని గుమాస్తా అడిగితే, "ఉదయం నుంచి కనబడలేదు" అని ఈల వేశారు. గుమాస్తా వారం రోజులు అందరికీ చేసి చూపించాడు.

దర్జీ ఆవిడ వచ్చింది కూడా ఆ ఏడే. తెల్లకోట్లకు కొలతలు తీసుకోవడానికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. మాస్టారి భుజం కొలిచి పద్దెనిమిది అంది. ఎంత అటూ ఇటూ అని ఆయన అడిగారు. అరంగుళం, మీరు ఊపిరి పీలిస్తే ఇంకో పావు, అందావిడ, సూదుల మధ్య నుంచే. మాస్టారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో కొలతతోపాటు తప్పు ఎంతో తడుముకోకుండా చెప్పడంలో ఎవరైనా ఈవిడ తర్వాతే అని సహాయకురాలితో అన్నారు.

ఆ చనువుతోనే రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ దారపు రీళ్ల డబ్బా తీసుకొచ్చింది. అందులో దూదిలో చుట్టిన పాలపన్ను ఉంది. కొడుకుది. మొదట ఊడిన పన్ను. ఏడున్నర ఏళ్లకు జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, మూడు రోజుల్లో పోయాడు. ఎందుకు పోయాడో డాక్టర్లు తేల్చలేదు. ఆవిడ ఆడపడుచు తేల్చింది. పిల్లవాడికి ఐదో నెలలో, అద్దె గది కిటికీలకున్న పాత ఆకుపచ్చ రంగును ఆవిడ తన చేత్తో గీకింది. పిల్లవాడు పక్కనే దుప్పటి మీద పడుకుని ఉన్నాడు. పాత రంగులో సీసం ఉంటుందట, ఆ ధూళే వాడి ఒంట్లోకి పోయి ఉంటుందని ఆడపడుచు అంది. ఒక్కసారే అంది. నాలుగేళ్లుగా ఆ మాట ఆవిడ లోపల తిరుగుతూనే ఉంది. కిటికీ ఉన్న గదిలో కూర్చోలేక, కుట్టుమిషనును లోపలి చీకటి గదిలో బల్బు కింద పెట్టుకుంది.

నా చేతులే చేశాయా, అది తెలిస్తే చాలు, అంది.

పాలపన్ను చెట్టు మానులాంటిదని మాస్టారు ఆవిడకు చెప్పారు. పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతుంది. పుట్టిన రోజున ఒక గీత పడుతుంది. ఆ గీత దాటి పొరలు లెక్కపెట్టుకుంటూ పోతే ఐదో నెల దొరుకుతుంది. ఆ నెలలో సీసం ఒంట్లోకి పోయి ఉంటే అక్కడే కూర్చుని ఉంటుంది. కాకపోతే పన్నును కొయ్యాలి. ఆవిడ డబ్బా మూత మూసి, మళ్లీ తీసింది. వాడికి సూది అంటే భయం అంది. మాస్టారు రంపాన్ని సహాయకురాలికి ఇవ్వకుండా తనే కోశారు. సగం ఆవిడ డబ్బాలో దూదిలో పెట్టి ఇచ్చారు. సగం తన దగ్గర పెట్టుకున్నారు.

పటం ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. పుట్టిన గీత, ఐదో నెల, ఆ తర్వాతి నెలలు, అంతా ఒకటే పలచటి నీలం. ఎర్ర మచ్చ ఎక్కడా కనబడలేదు. మాస్టారు మామూలు మాట చెప్పి పంపిస్తారని సహాయకురాలు అనుకుంది. ఆయన మాత్రం ఇంకా చూడాలమ్మా అన్నారు. వారం వారం ఆవిడ కోటు వంకతో వచ్చేది. వారం వారం ఆయన ఇంకా చూడాలి అనేవారు. ఆ కోటును ఆవిడ పద్నాలుగు సార్లు విప్పి కుట్టింది. ఆఖరుకు దానికి ఎవరికీ అక్కర్లేని రెండు జేబులు కూడా వచ్చాయి.

పదిహేనో వారం మాస్టారు ఆవిడను తన కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద వేలు పెట్టి చూపించారు. ఇది పుట్టిన రోజు. ఇదిగో ఐదో నెల. మీ కిటికీ రంగు ఉంటే ఇక్కడ ఉండాలి.

"లేదమ్మా" అన్నారు.

సహాయకురాలి చేతిలో కలం ఆగిపోయింది. దర్జీ ఆవిడకు కూడా ఆయన సంగతి తెలుసు.

"కనబడలేదా, లేదా?" అని అడిగింది.

"లేదు."

ఆవిడ మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని సమంగా లాగింది. తర్వాత లేచి, మాస్టారి కాలరు సరిచేసి, వెళ్లిపోయింది. ఆ వారమే కుట్టుమిషను కిటికీ దగ్గరికి మార్చుకుందని తర్వాత తెలిసింది.

సహాయకురాలికి మాత్రం కడుపు మండింది. పదకొండేళ్ల ఎర్ర కలం ఏమైంది? మాస్టారూ, ఎంతవరకు చూశారు, అని అడిగింది. ఈ కోటు భుజం దగ్గర పట్టేసింది అమ్మాయ్ అని ఆయన మాట మార్చారు. ఆమె మళ్లీ అడగలేదు. పెద్దతనం వచ్చింది, ఏడుస్తున్న మనిషి ముందు నిలవలేకపోయారు అనుకుంది. ఆయన మీద ఆమె గౌరవం ఆ రోజున కొంచెం తగ్గింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు మాస్టారు మంచం పట్టారు. అదే ఆసుపత్రి, అదే డాక్టరు. నొప్పి లేదు కదా అని నర్సు అడిగితే, కొంచెమే ఉంటే నాకు తెలియదమ్మా అనేవారు. ఒక రోజు సహాయకురాలు డాక్టరును మంచం నుంచి నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లి, ఇక ఆశ లేదా అని అడిగింది.

"నాకైతే కనబడలేదండీ" అన్నాడు.

మంచం మీద మాస్టారు కళ్లు తెరవకుండానే నవ్వారు. బాగా నేర్చుకున్నాడు అన్నట్టు వేలు ఎత్తారు. నాలుగు రోజులకు పోయారు. వాచ్‌మన్‌ వచ్చి, కాళ్ల దగ్గర నిలబడి, చాలాసేపు చూసి వెళ్లాడు.

ఎనిమిది నెలల తర్వాత దర్జీ ఆవిడ మళ్లీ వచ్చింది. చేతిలో ఆ పదిహేనో వారం మాస్టారు రాసిచ్చిన రిపోర్టు ఉంది. ఆవిడ దాన్ని మడిచి దాచుకుందేగాని ఎప్పుడూ చదవలేదు. ఆడపడుచు చదివింది. ఇందులో లేదని రాయలేదే, కనబడలేదని రాశాడు, ఆ ముసలాయన నిన్ను ఓదార్చడానికి నోటిమాట అన్నాడు, అంది. ఆవిడ మిషను మళ్లీ చీకటి గదిలోకి పోయింది.

సహాయకురాలు రిపోర్టు చూసింది. నిజమే. కాగితం మీద మాస్టారు మాస్టారే. ఆమె ఇన్నాళ్లూ దాచుకున్న అనుమానమే ఇప్పుడు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఒక్క నిమిషం ఉండక్కా అని, పటం వెతకడానికి మాస్టారి సొరుగు తీసింది. ఎనిమిది నెలలుగా దాన్ని ఎవరూ తియ్యలేదు. రెండు జేబుల కోటు కింద నీలం అట్ట నోటుపుస్తకం ఉంది.

తేదీలన్నీ సెలవు రోజులవి. పద్నాలుగు వారాలు. పళ్ల డాక్టరు దగ్గర అడిగి తెచ్చిన పాలపళ్లు ముప్ఫై ఒకటి. ఒక్కొక్కదానికీ పటం తీసి, పక్కన మాస్టారి చేతివ్రాత.

ఆడపిల్ల, ఆరేళ్లు. మన దర్జీ ఆవిడ పిల్లవాడికి ఎంత ఉందో అంతే ఉంది. బడికి వెళుతోంది.

మగపిల్లవాడు, ఏడేళ్లు. మనవాడి కన్నా కాస్త ఎక్కువ. చెట్లెక్కుతాడట.

రంగులు గీకే మేస్త్రీ కొడుకు. రెండో ఏట ఎర్రగా కనబడింది. కాబట్టి ఉంటే కనబడుతుంది. తండ్రికి చెప్పాను. పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించారు. బాగున్నాడు.

ముప్ఫై రెండోది ముసలి పన్ను. నాది. పోల్చి చూడడానికి, ఎవరిదో ఎలా బతికారో తెలిసిన పెద్దవాళ్ల పన్ను దొరకలేదు. కదులుతోంది కదా అని పీకించుకున్నాను. మనవాడి కన్నా నాలుగింతలుంది. అరవై దాటాను.

గుమాస్తా వారం రోజులు వేసిన ఈల సహాయకురాలికి గుర్తొచ్చింది. తను కూడా నవ్వింది అప్పుడు. ఆఖరి పేజీలో లెక్క కట్టి, గీత గీసి, కింద మూడు వాక్యాలు.

ఇంతకన్నా కిందికి నా చూపు ఆనదు. ఆ తల్లి మాత్రం బతికినన్నాళ్లూ ఇంకా కిందికి చూస్తూనే ఉంటుంది. అందుకని, లేదు.

పదకొండేళ్లలో పరిశోధనశాల పుస్తకాల్లో ఎక్కడైనా ఎర్ర కలం కొట్టకుండా వదిలిన 'లేదు' అదొక్కటే.

ఆమె పుస్తకం మూసి వచ్చి కూర్చుంది. దర్జీ ఆవిడ టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆయన ఒక మాట చెప్పారమ్మా, కోటు తీసుకున్న రోజున. ఎప్పుడన్నా అనుమానం వస్తే మిమ్మల్ని అడగమన్నారు. ఆ అమ్మాయి నాకన్నా మొండిది, ఊరికే అనదు అన్నారు."

సహాయకురాలు ఆ పటాలను ఒక్కొక్కటే తెర మీదికి తెచ్చింది. పలచటి నీలం. చెట్లెక్కే పిల్లవాడి నీలం, బడికి వెళ్లే పిల్ల నీలం. ఆ మాట నోటిదాకా రావడానికి ఆమెకు దాదాపు రెండు నిమిషాలు పట్టింది. దర్జీ ఆవిడ తొందర పెట్టలేదు.

"లేదక్కా" అంది.

ఆవిడ తల ఊపింది. రిపోర్టును మళ్లీ మడవకుండా బల్ల మీదే వదిలేసింది. లేచి వెళ్లబోతూ ఆగి, సహాయకురాలి కోటు చెయ్యి పట్టుకుని చూసింది. అంచు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. అడగకుండానే భుజం నుంచి మణికట్టు దాకా టేపు పట్టింది.

"ఇరవై రెండు" అంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "పావు అంగుళం అటూ ఇటూ. కిటికీ దగ్గర కుడతాను కాబట్టి పెద్దగా తేడా రాదు" అంది.

సాయంత్రం ఆఖరున బయటికి వచ్చింది సహాయకురాలే. వాచ్‌మన్ తాళంచెవులు తీసి, విధి ప్రకారం అడిగాడు. లోపల ఇంకెవరూ లేరు కదమ్మా?

ఎనిమిది నెలలుగా ఆమె తల అడ్డంగా ఊపి వెళ్లిపోతోంది. ఈసారి వెనక్కి వెళ్లింది. రెండు గదులూ చూసింది. యంత్రం వెనక్కి తొంగిచూసింది. మాస్టారి కుర్చీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడింది. తిరిగి వచ్చి చెప్పింది.

"నాకైతే కనబడలేదు."

వాచ్‌మన్ ఆమె మొహంలోకి చూసి, నవ్వి, తాళం వేశాడు. చాలా రోజుల తర్వాత సరిగా పడింది అన్నాడు.